పెరటి పండ్ల చెట్ల కింద ఏం వేయాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్, జగిత్యాల వైపు పాత ఇళ్ళ పెరళ్ళలో ఒకటి రెండు మామిడి చెట్లు, ఒక జామ, ఒక నిమ్మ, గోడ పక్కన నాలుగు బొప్పాయిలు ఉండటం మామూలే. వాటి కింద ఖాళీగా కనిపించే నేలలో ఏమైనా వేసుకోవచ్చా, వేస్తే చెట్టుకు మేలా కీడా అని అడిగేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఎకరాల తోటలు పెంచే రైతుల లెక్కలు వేరుగా ఉంటాయి కనుక వాటి జోలికి పోలేదు.

తోడు మొక్కలు అంటే అంతరపంటేనా?

దగ్గరి చుట్టాలే కానీ రెండూ ఒకటి కాదు. అంతరపంటను దాని దిగుబడి కోసం వేస్తాం. తోడు మొక్కను ముందుగా చెట్టు కోసం వేస్తాం. నేలను కప్పి ఉంచడం, నత్రజనిని చేర్చడం, పూత సమయంలో ఈగలను, తేనెటీగలను రప్పించడం, చీడలను తినే పురుగులకు ఆశ్రయం ఇవ్వడం తోడు మొక్క చేసే పనులు. దాని నుంచి మనకు నాలుగు ఆకులో పూలో దక్కితే అది అదనపు లాభం.

చల్లని దేశాల్లో ఆపిల్ చెట్ల చుట్టూ వేసే మొక్కల జాబితాలు చూశాను. అవే ఇక్కడ వేయవచ్చా?

జాబితాను అలాగే తెచ్చుకుంటే పని జరగదు. మామూలు ఆపిల్ రకాలకు చలికాలంలో 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలి సుమారు 1,000 గంటల పాటు తగలాలి. అటువంటి చోట చెట్టు ఆకు రాల్చి నిద్రపోతుంది, వేసవి మెత్తగా ఉంటుంది, వాన ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పడుతుంది. అందుకే అక్కడ చెట్టు కింద తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మొక్కను నేల మీద పరిచినట్లు పెంచుతారు, కాంఫ్రే అనే ఎరువు మొక్క ఆకులను ఏడాదికి మూడు నాలుగుసార్లు కోసి చెట్టు మొదట్లో వేస్తారు, గడ్డి లోపలికి పాకకుండా చుట్టూ డాఫొడిల్ పూల మొక్క దుంపలు నాటుతారు. మన దగ్గర మే నెల 43, 44 డిగ్రీల ఎండకు ఈ మూడింటిలో ఒక్కటీ నిలబడదు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఆపిల్ కాయించారన్న వార్త 2020లో వచ్చిన తరువాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది కానీ, అది చలి తక్కువైనా కాసే ప్రత్యేక రకాలకు సంబంధించిన విషయం.

అక్కడి అనుభవంలో మనం తీసుకోదగినది మరొకటి ఉంది. ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగ తోటను 1894లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పరిశీలించినప్పుడు, లేత ఆపిల్ మొక్కల మొదళ్ళ దాకా గడ్డి పెరిగితే వాటి ఎదుగుదల బాగా కుంటుపడుతుందని తేలింది. అంత చల్లని, తడి నేలలోనే గడ్డి అంత పని చేస్తే, మన ఎర్ర చెల్కలో లేత మామిడి మొదట్లో గరికను వదిలేయడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

అయితే మామిడి కింద ఏం వేయాలి?

ఏం వేయాలన్నది రెండో ప్రశ్న. ఎప్పటికి తీసేయాలన్నది మొదటి ప్రశ్న. కాపుకు వచ్చిన మామిడి వానలు వెనక్కి పోయిన తరువాత, అంటే అక్టోబరు నుంచి, బెట్టకు రావాలి. నేల ఆరి, చలి తగిలి, కొమ్మ చివరలు ముదిరితేనే డిసెంబరు, జనవరి నెలల్లో పూత వస్తుంది. ఆ రెండు మూడు నెలల్లో చెట్టు కింద నీరు పెడితే పూత రావలసిన చోట ఇగురు వస్తుంది. కాయ బఠాణీ గింజంత అయిన తరువాత మళ్ళీ నీరు మొదలుపెట్టాలి.

కాబట్టి మామిడి కింద వేసే ఏ మొక్కకైనా నేను పెట్టుకున్న గడువు దసరా. మిరుగుకు విత్తి, దసరాకు ముగిసేది ఏదైనా మామిడికి సరిపోతుంది; దసరా దాటి నీరు అడిగేది ఏదైనా సరిపోదు. ఈ లెక్కన చూస్తే మన పాత పంటలే అచ్చంగా అమరుతాయి. జూన్‌లో వేసిన పెసర, బొబ్బర్లు రెండున్నర నెలల్లో అయిపోతాయి. పచ్చిరొట్టగా వేసిన జనుము, పిల్లిపెసర నెలన్నరకే కోతకు వస్తాయి. కొమ్మల అంచుకు బయట ఎండ తగిలే చోట బంతి, గునుగు వేస్తే సరిగ్గా బతుకమ్మకు పూస్తాయి. సద్దుల బతుకమ్మ నాటికి పూలన్నీ తెంపేసి, మరుసటి వారం మొక్కలను నేల మట్టానికి కోసి అక్కడే పరిస్తే, చెట్టు బెట్టకు వచ్చే సమయానికి నేల మీద బతికున్న పోటీ ఏదీ మిగలదు. గునుగు గింజ రాలి మరుసటి ఏడు తానే మొలుస్తుంది. అతిగా మొలిస్తే పలచన చేసుకోవాలి.

ఈ గడువును నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. హనుమకొండలో మా పెరటి మామిడి కింద ఒక ఏడాది దీపావళి తరువాత మెంతికూర మడి కట్టి, రోజు విడిచి రోజు రెండు బకెట్ల నీళ్ళు పోశాను. మెంతికూర బ్రహ్మాండంగా వచ్చింది. సంక్రాంతికి చూస్తే మడి వైపున్న కొమ్మలన్నీ రాగి రంగు ఇగురుతో నిగనిగలాడుతున్నాయి. గోడ వైపు, నీరు అందని కొమ్మలకు మాత్రం పూత గుత్తులు వేలాడుతున్నాయి. ఒకే చెట్టు సగం ఆకు, సగం పువ్వుగా నిలబడటం చూశాక మరెవరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఒక మినహాయింపు ఉంది. నవంబరు మొదట్లో కొమ్మల అంచుకు బాగా బయట, రేగడి నేల అయితే ఉన్న తడితోనే, కొన్ని ధనియాలు, ఆవాలు చల్లవచ్చు. అవి జనవరిలో పూస్తాయి. మామిడి పూతకు పరాగం మోసేవాటిలో తేనెటీగల కన్నా ఈగలదే పెద్ద చేయి. కొత్తిమీర పూల గొడుగుల మీద ఆ ఈగలు, పేనుబంకను తినే అల్లిక రెక్క పురుగులు గుంపులుగా వాలుతాయి. ఎర్ర చెల్కలో నీరు పెట్టకుండా ఇవి రావు, కనుక ఆ నేలవాళ్ళు ఈ ఆశ వదులుకోవడమే మంచిది.

మామిడి నీడలో పసుపు, అల్లం బాగా వస్తాయంటారు కదా?

నీడ వరకు నిజమే. పసుపు సగం నీడను తట్టుకుంటుంది. నిజామాబాద్, జగిత్యాల పసుపు రైతులను అడిగినా ఈ మాటే చెబుతారు. కానీ పసుపు ఎనిమిది, తొమ్మిది నెలల పంట. జూన్‌లో నాటిన దుంప ఊరేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే, అంటే మామిడికి నీరు ఆపవలసిన రోజుల్లోనే దానికి నీరు కావాలి. ఇంకా కాపుకు రాని మామిడి కింద, లేదా కాపు మీద ఆశ వదులుకున్న ముసలి చెట్టు కింద నిశ్చింతగా వేసుకోవచ్చు. కాసే చెట్టు కింద వేస్తే రెంటిలో ఒకటి నష్టపోతుంది.

పసుపుకు అసలైన జోడు సపోటా. ఏడాది పొడవునా ఆకు నిలిచి, దఫదఫాలుగా కాస్తూ, బెట్ట అడగని చెట్టు అది. సపోటా అంచున వేసిన పసుపుకు పోసే నీరు దానికీ పనికొస్తుంది. దుంపలు తవ్వేటప్పుడు మాత్రం పారను చెట్టు వైపు నుంచి కాక బయటి వైపు నుంచి దించాలి.

జామకు కూడా దసరా గడువేనా?

కాదు, జామ లెక్క తలకిందులు. వాన కాలపు జామకాయలో పండు ఈగ పురుగులు ఎంతగా ఉంటాయో తిన్నవారందరికీ తెలుసు. చలికాలపు కాపు తియ్యగా, పురుగు తక్కువగా ఉంటుంది. ఆ కాపు కావాలంటే ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు తగ్గించి చెట్టును బెట్టకు తేవాలి. తొలకరికి అది పూస్తుంది. కాబట్టి జామ కింద యాసంగి ఆకుకూరలు, అంటే నవంబరులో వేసి ఫిబ్రవరికి ముగిసే మెంతి, కొత్తిమీర, పాలకూర, బాగా నప్పుతాయి. ఎండాకాలం కూరగాయల మడి మాత్రం జామ కింద వద్దు.

కాయలు పండే రోజుల్లో కింద మొక్కలు మోకాలెత్తు ఉండకూడదు. రాలిన కాయ ఆకుల్లో దాగితే అందులోని పురుగులు మట్టిలోకి దిగి కోశ దశకు పోయి, మళ్ళీ ఈగలై వస్తాయి. రాలిన ప్రతి కాయ కంటికి కనబడేట్టు నేల ఉండాలి. ఏరిన కాయలను కుప్పగా పోయకుండా, మూతి బిగించిన సంచిలో ఎండకు పెట్టాలి.

వంకాయ, టమాటా జామ కింద వేస్తే ఏమవుతుంది?

వేరుబుడిపె నులిపురుగు పెరుగుతుంది. జామకు, దానిమ్మకు అది పెద్ద శత్రువు. వంగ, టమాటా, బెండ దాన్ని ఇబ్బడిముబ్బడిగా పెంచి పోషిస్తాయి. కాపు అయిపోయిన టమాటా మొక్కను పీకి చూడండి. వేళ్ళ మీద పూసల్లా ఉబ్బులు కనిపిస్తే ఆ చోట జామ నాటకండి. మిరపకు మరో చిక్కు ఉంది: 2021లో మన మిరప చేలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు బొప్పాయి వంటి పండ్ల మొక్కల మీదా బతుకుతుంది. చపాటా మిర్చి పెరట్లో పెంచాలని ముచ్చటగా ఉంటే మంచి ఎండలో, చెట్లకు దూరంగా కుండీల్లో పెంచుకోవచ్చు.

బంతి నిజంగా నులిపురుగులను చంపుతుందా, లేక అది కూడా నమ్మకమేనా?

నిజమే, కానీ అందరూ అనుకునే పద్ధతిలో కాదు. బంతి వేరులో ఆల్ఫా టెర్థయినిల్ అనే పదార్థం ఉంటుంది. వేరులోకి చొరబడిన నులిపురుగును అది దెబ్బతీస్తుంది. పని జరిగేది బంతి వేళ్ళు ఉన్న మట్టిలోనే కనుక, చెట్టుకు నాలుగు మూలలా నాలుగు బంతి మొక్కలు పెడితే పూజకు పూలు వస్తాయి తప్ప నులిపురుగు తగ్గదు. జామ నాటబోయే చోటంతా జానెడు దూరంలో ఒత్తుగా బంతి వేసి, రెండు మూడు నెలలు పెరగనిచ్చి, వేళ్ళను మట్టిలోనే వదిలి పైభాగం కోయాలి. పొట్టి బంతి, దండల ముద్ద బంతి రెండూ ఈ పని చేస్తాయి.

నిమ్మ పక్కన కరివేపాకు వేశాము. మంచిదేనా?

ఇది మన ఇళ్ళలో చాలా తరచుగా కనిపించే పొరపాటు. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం మొక్కలు. మారేడు, వెలగ కూడా అంతే. నిమ్మ ఆకులను తినేసే సీతాకోకచిలుక పిల్ల పురుగు, మొదట పక్షి రెట్టలా నల్లగా తెల్లగా, తరువాత పచ్చగా ఉండేది, కరివేపాకు మీద కూడా హాయిగా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, నిమ్మ జాతికి పచ్చ తెగులును (గ్రీనింగ్) మోసే సిల్లిడ్ పురుగుకు కరివేపాకు ఇగురు మహా ఇష్టం. ఇప్పటికే పెరిగి ఉంటే నరికివేయనక్కర లేదు. ఇగురు వచ్చినప్పుడల్లా ఆకు వెనుక చూసి, పురుగు పట్టిన కొనలు తుంచాలి. కొత్తగా నాటేవారు కరివేపాకును ఇంటికి ఆ చివర, నిమ్మను ఈ చివర పెట్టుకుంటే సరి.

నిమ్మ వేళ్ళు పైపైనే, అడుగు, అడుగున్నర లోతులోనే ఎక్కువగా ఉంటాయి. కాబట్టి దాని కింద తవ్వి తీసే దుంపలేవీ వేయకూడదు. పైన చల్లి, కోసి పరిచే పిల్లిపెసర వంటిదే తగినది.

బొప్పాయి మీదకు బీర తీగ పాకిస్తే స్థలం కలిసి వస్తుంది కదా?

స్థలం కలిసి వస్తుంది, తెగులూ కలిసి వస్తుంది. బొప్పాయిని నాశనం చేసే రింగ్‌స్పాట్ వైరస్ పేనుబంక ద్వారా వ్యాపిస్తుంది. ఆ వైరస్‌కు బీర, సొర, గుమ్మడి, దోస జాతి కూడా ఆశ్రయమే. ఆకు వేళ్ళలా చీలి, కాయ మీద వలయాలు వచ్చిన బొప్పాయికి మందు లేదు, పీకేయడమే. తీగ పందిరిని బొప్పాయికి వీలైనంత దూరం పెట్టండి.

పప్పుజాతి మొక్కలు పక్కన ఉంటే చెట్టుకు నత్రజని అందుతుందంటారు. ఎలా తెలుసుకోవాలి?

బొబ్బర్ల మొక్కనొకదాన్ని విత్తిన ఐదో వారంలో, వాన పడిన మరునాడు, మట్టితో సహా మెల్లగా పెకలించి నీళ్ళలో జాడించండి. వేళ్ళకు ఆవగింజ నుంచి పెసరగింజ దాకా బుడిపెలు కనిపిస్తాయి. ఇవి రుద్దితే రాలిపోతాయి. నులిపురుగు ఉబ్బులు వేరులోనే కలిసి ఉండి రాలవు. ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపించాలి. ఆ రంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టే పని చేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని మొదలు కాలేదు, లేదా అయిపోయింది.

అయితే ఆ నత్రజని బతికున్నంత కాలం ఎక్కువగా ఆ మొక్క సొంతానికే. చెట్టుకు చేరేది మొక్కను కోసి కుళ్ళనిచ్చిన తరువాతే. గింజ కట్టేదాకా ఆగితే పోషకం చాలా వరకు గింజలోకి పోతుంది. అందుకే పచ్చిరొట్టను పూత మొదలవగానే కోయమంటారు. బొబ్బరికాయలు వండుకు తింటూ అదే మొక్కతో చెట్టుకు ఎరువు వేశామనుకోవడం కొంత ఆత్మవంచనే.

ఎరువు ఆకు ఏడాది పొడవునా కావాలంటే ప్రహరీ పక్కన రెండు గ్లిరిసిడియా కొమ్మలు పాతండి. వానకాలంలో రెండు మూడు సార్లు కోసి పాదులో వేయవచ్చు. కాంఫ్రే లేని లోటును మన దగ్గర తీర్చేది ఇదే.

తులసి, వెల్లుల్లి, పుదీనా వాసనకు పురుగులు రావంటారు. నిజమా?

పెద్ద చెట్టు విషయంలో నాకు నమ్మకం లేదు. జానెడు ఎత్తు పుదీనా వాసన ఇరవై అడుగుల పైన ఉన్న పూతను కాపాడుతుందని ఆశించడం అత్యాశ. తులసి సంగతి ఇంకా విచిత్రం. దాని ఆకులో మిథైల్ యూజినాల్ ఉంటుంది. పండు ఈగల్లో మగవి దానికి పారిపోవు సరికదా, ఎగబడి వస్తాయి. దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. ప్లాస్టిక్ సీసాకు పక్కన రంధ్రాలు చేసి, నలిపిన తులసి ఆకులు, కాస్త సబ్బు నీళ్ళు పోసి చెట్టు దగ్గర వేలాడదీసి, రెండు మూడు రోజులకొకసారి ఆకు మార్చితే మగ ఈగలు అందులో పడతాయి.

కాండానికి ఎంత దూరంలో వేయాలి?

మొదలు చుట్టూ కనీసం ఒకటిన్నర అడుగు పూర్తిగా ఖాళీగా ఉంచాలి. పెద్ద చెట్టుకు నీరు, ఎరువు పీల్చే సన్న వేళ్ళు కాండం దగ్గర కాక కొమ్మల చివర్ల కింద, ఆ అంచు చుట్టూ ఎక్కువగా ఉంటాయి. తవ్వకం అవసరమయ్యే మొక్కలను అంచుకు బయటనే పెట్టాలి. కోసి పరిచే ఆకు మూడు, నాలుగు అంగుళాల మందం చాలు. మన ఎర్ర నేలల్లో ఎండిన ఆకు కాండానికి ఆనితే చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి ఎక్కుతాయి. వారానికొకసారి మొదలు చూసి, గొట్టం కనిపిస్తే చీపురుతో రాల్చేయాలి.

చెట్టు కింద అంత పచ్చగా పెంచితే పాములు, తేళ్ళు చేరవా?

చేరవచ్చు, ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఇంటి గోడకు, నడిచే దారికి నాలుగైదు అడుగుల లోపల మోకాలి కన్నా ఎత్తు పెరిగేవి వేయకండి. రాళ్ళ కుప్పలు, పాత పెంకులు పెరట్లో ఉంచవద్దు, ఎందుకంటే పాము వచ్చేది ఆకు కోసం కాదు, వాటి కింది ఎలుకలు, కప్పల కోసం. కోసి పరచిన ఆకును చేతితో కాక కర్రతో కదపాలి. వానకాలం సాయంత్రాలు పూలు కోయడానికి వెళ్ళే పిల్లలకు చెప్పులు, టార్చి తప్పనిసరి.

మామిడి మీద ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్ళు కట్టాయి. కొట్టేయాలా?

తొందరపడవద్దు. ఆ చెట్టుచీమలు ఆకు తినే పురుగులను వేటాడతాయి. చైనాలో నారింజ తోటల్లో సుమారు 1,700 ఏళ్ళ క్రితమే వీటి గూళ్ళను కొని చెట్లకు కట్టేవారు. అయితే పిండినల్లి కార్చే తీపి రసం కోసం దాన్ని కూడా కాపాడతాయి. కొమ్మల మీద తెల్లటి పిండి లేకుంటే ఉండనివ్వండి, ఉంటే గూడును తీసేయండి. కాయ కోసే వారి తిట్లు ఎలాగూ తప్పవు.

కొత్తగా నాటిన అంటు మొక్కకు తోడు అవసరమా?

మొదటి రెండు ఎండాకాలాల్లో దానికి కావలసింది పడమటి ఎండ నుంచి నీడ. మొక్కకు పడమర, నైరుతి వైపు రెండు మూడు అడుగుల దూరంలో అవిసె చెట్టు లేదా కంది వేస్తే వేడిగాలి దెబ్బ తగ్గుతుంది. మొక్కజొన్న, జొన్న మాత్రం వద్దు; అవి నేల సారాన్ని లాగేస్తాయి, నీడా నిలవదు. మూడో ఏడాదికి అవిసెను నరికి ఆకును పాదులో వేయవచ్చు.

సీతాఫలం కింద ఏం వేయాలి?

ఏమీ వేయకండి. గుట్టల మీద రాళ్ళ మధ్య ఎవరూ చూడకుండా కాసే చెట్టు అది. రాలిన దాని ఆకును దాని కిందే ఉండనిస్తే చాలు.

కోతులు అన్నీ పీకేస్తున్నాయి. అవి ముట్టని తోడు మొక్క ఏదైనా ఉందా?

మా పెరట్లో బొబ్బర్లు, పెసర కాయ పట్టగానే పోయాయి; పసుపును, బంతిని, గునుగును ఇప్పటిదాకా వదిలేశాయి. జనుమును కూడా తినలేదు కానీ, ఒకసారి దాని మధ్య కూర్చుని పక్కింటి జామకాయలు తిన్నాయి.